ఇంట్లో ఫోటోషూట్: ఒక కిటికీ, ఒక తెల్ల పంచె, చేతిలో ఫోను

పోయినేడు శ్రావణంలో మా వదిన అమ్మిన గద్వాల చీర ఒకటి వారం తిరగకముందే మిర్యాలగూడ నుంచి వాపసు వచ్చింది. చీరలో లోపమేం లేదు. "ఫోటోల జూసిన రంగు ఇది గాదు" అన్నదట కొన్నామె. వదిన ఆ సంచి తెచ్చి నా ముందర పెట్టి, "ఫోటో దీసింది నువ్వే గద, ఇగ నువ్వే గట్టుకో" అన్నది.

తీసింది నేనే. రాత్రి ఎనిమిదింటికి హాల్లో పసుప్పచ్చ బల్బు, తెల్ల ట్యూబులైటు రెండూ వేసి, సోఫా మీద చీర పరిచి, పైనుంచి టకటకా నాలుగు కొట్టాను. నిగనిగలాడే వంకాయ రంగు కాస్తా ఇటుకపొడి రంగుకు దిగింది. తప్పు ఫోను మీదికి నెట్టడానికి లేదు. మరునాడు పొద్దున పదింటికి అదే ఫోనుతో, పక్క గదిలో ఉత్తరం కిటికీ దగ్గర అదే చీర తీస్తే వంకాయ వంకాయలాగే వచ్చింది. మారింది జాగా ఒక్కటే.

అప్పటి నుంచి మా నల్గొండ ఇంట్లో పిల్లల పుట్టినరోజులు, నాయనమ్మ ఫోటో, వదిన చీరలు అన్నీ ఆ ఒక్క గదిలోనే తీస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వరుసగా చెబుతాను. కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. మామూలు ఫోను చాలు.

మొదటి రోజు ఫోటోలు వద్దు, గుడ్డు చాలు

మొదటి రోజు ఎవర్నీ కూర్చోబెట్టకండి. ఆ రోజు ఇంట్లో వెలుతురు ఎక్కడ ఎట్లా ఉందో చూడటమే పని. ఫారం కోడిగుడ్డు ఒకటి తీసుకోండి. దాన్ని స్టూలు మీద పెట్టి, ప్రతి కిటికీ దగ్గరా, దర్వాజ దగ్గరా, పొద్దున 7 గంటలకు, 10కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి ఒక్కో ఫోటో తీయండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

రాత్రికి ఆ ఫోటోలన్నీ వరసగా చూడండి. గుడ్డు నీడ అంచు కత్తితో కోసినట్టు ఉన్న చోట వెలుతురు గట్టిది. నీడ ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా పొగలాగా కరిగిపోయిన చోట వెలుతురు మెత్తనిది. ముఖానికి కావలసింది ఈ రెండోది. గుడ్డు మీద నీడ ఎట్లా పడిందో ముక్కు పక్కనా, కళ్ల కిందా అట్లాగే పడుతుంది.

దీని కీలకం ఒక్కటే. వెలుతురు వచ్చే చోటు చిన్నదైతే నీడ పదునుగా ఉంటుంది, పెద్దదైతే మెత్తబడుతుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన కంటికి ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు బిళ్ల మాత్రమే. అందుకే నేరుగా పడే ఎండకు నీడ అంత పదును. అదే కిటికీలోంచి ఉత్త ఆకాశం మాత్రమే కనబడుతుంటే, మీకు నాలుగడుగుల వెడల్పు దీపం దొరికినట్టే. కరెంటు లేని కాలంలో పెద్ద ఊళ్ల ఫోటో స్టూడియోలు ఉత్తరం వైపు అద్దాల కప్పు కట్టించుకున్నది ఇందుకే.

ఏ దిక్కు కిటికీ ఎప్పుడు పనికొస్తుందంటే, తూర్పు కిటికీలో పొద్దున ఎండ నేరుగా కొడుతుంది, పదిన్నర దాటాక మెత్తబడుతుంది. పడమటిది దానికి తిరగబడి, మధ్యాహ్నం దాకా హాయిగా ఉండి, మూడింటి నుంచి మండుతుంది. ఉత్తరం కిటికీ ఏడాదిలో ఎక్కువ రోజులు నమ్మకంగా ఉంటుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మాత్రం పొద్దునా సాయంత్రం కాసేపు ఏటవాలుగా ఎండ తగులుతుంది. మనం ఉన్నది సుమారు 17 డిగ్రీల అక్షాంశంలో కదా. మే రెండో వారం దగ్గర ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో కిటికీ మీద సజ్జ ఉంటే మిట్టమధ్యాహ్నం ఏ కిటికీలోంచీ ఎండ లోపలికి రాదు. డిసెంబరులో లెక్క మారుతుంది. మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన దాదాపు 50 డిగ్రీల ఎత్తుకే ఎక్కుతాడు కాబట్టి దక్షిణం కిటికీలోంచి ఎండ మంచం దాకా వచ్చి పడుకుంటుంది.

నల్గొండ శివార్లలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా పడుతుంది. బయట సూర్యుడు ఎటు జరిగినా గర్భగుడిలో నీడ పగలంతా ఒకేచోట నిలబడి ఉంటుంది. లోపలికి చేరేది నేరుటెండ కాదు, పక్కల నుంచి స్తంభాలను దాటుకుని వచ్చే వెలుతురు. ఇంట్లో మనం వెతికేదీ అదే, సూర్యుడితో పాటు పరిగెత్తని వెలుతురు.

కిటికీలు బాగా లేని ఇళ్లుంటాయి. పక్కింటి గోడ మూడడుగుల దూరంలోనే ఉండి, కిటికీ ఉన్నా లేనట్టే. అప్పుడు దర్వాజనే కిటికీ అనుకోండి. ఇంటిలో దర్వాజ కంటే పెద్ద కిటికీ ఇంకోటి ఉండదు. ముందర వసారా గానీ రేకుల పందిరి గానీ ఉంటే ఇంకా మంచిది, పైనుంచి ఎండ పడదు, ముందు నుంచి ఆకాశం వెలుగు వస్తుంది. గడపకు లోపలివైపు రెండడుగుల దూరంలో మనిషిని కూర్చోబెట్టి, మీరు వాకిట్లో నిలబడి తీయండి. వెనక ఇల్లు చీకటిగా ఉంటుంది కాబట్టి తెర కట్టే పని కూడా తప్పుతుంది.

గోడ రంగు చూసుకోండి

ఇది చాలామంది పట్టించుకోరు. మన ఇళ్లలో చిలకాకుపచ్చ, గులాబీ, లేత నారింజ గోడలు ఎక్కువ. వెలుతురు గోడకు తగిలి వచ్చేటప్పుడు ఆ రంగును కూడా మోసుకొస్తుంది. పచ్చ గోడ పక్కన కూర్చున్న మనిషి చెంప ఒకవైపు కామెర్లు వచ్చినట్టు కనిపిస్తుంది. గులాబీ కర్టెన్ వేసి ఉంటే ముఖం గులాబీ అవుతుంది. నేల పసుపు తాండూరు బండలదైతే గదవ కింద పసుపు. మందు సులువే. కర్టెన్ పూర్తిగా తీసేయండి, గోడ వైపు తెల్ల దుప్పటి వేలాడదీయండి, నేల మీద తెల్ల గుడ్డ పరవండి. దోమల జాలి తీయడానికి వస్తే తీసేయండి. అది వెలుతురులో కొంత మింగేస్తుంది.

ఆ తర్వాత గదిలో ఉన్న లైట్లన్నీ ఆర్పండి, దేవుడి దగ్గర జీరో బల్బుతో సహా. పగటి వెలుతురు రంగును కెల్విన్ లెక్కలో సుమారు 5500 అంటారు. పసుప్పచ్చ బల్బు 2700 నుంచి 3000. తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు డబ్బా మీద చూస్తే 6500 అని ఉంటుంది. మన కన్ను ఈ తేడాను సర్దుకుంటుంది. ఫోను ఏదో ఒకదానికే సర్దుకోగలదు, రెండు మూడు కలిస్తే తికమకపడుతుంది. వదిన చీర ఇటుకపొడి అయింది అక్కడే.

కుర్చీ ఎక్కడ, మీరు ఎక్కడ

కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో కుర్చీ వేయండి. మరీ ఆనించి వేస్తే ఒక చెంప తెల్లగా పేలిపోయి, ఇంకో చెంప నల్లబడుతుంది. గది లోపలికి జరిపేకొద్దీ వెలుతురు గబగబా పడిపోతుంది. చిన్న దీపమైతే దూరం రెట్టింపు చేస్తే వెలుతురు నాలుగో వంతుకు దిగుతుంది. కిటికీ పెద్దది కాబట్టి అచ్చంగా ఆ లెక్క రాదు గానీ పోకడ అదే. వెనక గోడకు కూడా కనీసం నాలుగడుగులు ఎడం ఉంచండి. ఆనించి కూర్చోబెడితే తల నీడ గోడ మీద రెండో మనిషిలాగా కూర్చుంటుంది.

ఇప్పుడు మనిషిని నిలబెట్టి, నిలబడ్డచోటే మెల్లగా ఒక చుట్టు తిరగమనండి. మీరు ముక్కు నీడను మాత్రమే చూడండి. కిటికీకి ఎదురుగా ఉన్నప్పుడు నీడే ఉండదు, ముఖం చదునుగా, శుభ్రంగా వస్తుంది. పిల్లలకూ గుర్తింపు కార్డు ఫోటోలకూ అది చాలు. ముప్పావు ఎదురుగా, అంటే కిటికీకి సుమారు 45 డిగ్రీలు తిరిగినప్పుడు ముక్కు నీడ చెంప మీదికి కొంచెం వాలుతుంది, ముఖానికి ఎత్తుపల్లాలు వస్తాయి. కొత్తవాళ్లు ఇక్కడ ఆగిపోండి. పూర్తిగా పక్కకు తిరిగితే సగం ముఖం చీకట్లోకి పోతుంది, ముడతలు లోతవుతాయి. ముసలివాళ్ల ముఖాలకు అది ఒక్కోసారి గొప్పగా ఉంటుంది, పెళ్లిచూపుల ఫోటోకు మాత్రం వద్దు.

ఒక గుర్తు పెట్టుకోండి. ఏ ఫోటో తీసేముందైనా ఎదుటి మనిషి కళ్లలోకి చూడండి. నల్లగుడ్డు మీద కిటికీ బొమ్మ చిన్న తెల్ల చతురస్రంలా మెరుస్తుండాలి. అది లేకపోతే ముఖం ఎంత బాగున్నా చూపు చచ్చినట్టుంటుంది. గదవ కొంచెం ఎత్తమంటే వచ్చేస్తుంది.

తెల్ల పంచె, నల్ల గొంగడి

కిటికీకి అవతలి చెంప మీద నీడ ఎక్కువైందనుకోండి, అటువైపు తెల్లటిది ఏదైనా పెట్టండి. ఫ్రిజ్ డబ్బాలో వచ్చిన థర్మకోల్, స్టేషనరీ కొట్లో దొరికే తెల్ల చార్టు, దండెం మీద వేసిన తెల్ల పంచె, ఏదైనా సరే. మనిషికి రెండడుగుల దూరంలో పెట్టి ముందుకూ వెనక్కూ జరుపుతూ చెంప చూడండి, నీడ కరగడం కళ్లముందే తెలుస్తుంది. తళతళలాడే స్టీలు తాంబాళం వాడొచ్చని కొందరంటారు. నేను వాడను. అది వెలుతురును పరచదు, మచ్చలు మచ్చలుగా విసురుతుంది.

ఎండ నేరుగా పడుతున్న కిటికీ తప్ప వేరే దిక్కు లేకపోతే అదే పంచెను ఒంటి పొరగా కిటికీకి అడ్డం కట్టండి. బాగా ఉతికి పలచబడ్డ నూలు పంచె అయితే ఇంకా మేలు. ఎండ గుడ్డ మీద పడుతుంది, గుడ్డ మొత్తం దీపమవుతుంది. పాలిస్టర్ పంచెల్లో కొన్నింటికి నీలం ఛాయ ఉంటుంది, వాటిని వద్దనండి.

ఇక నల్లటిది. మా ఇంట్లో నాయనమ్మ కాలం నాటి గొంగడి ఉంది, గొర్రెబొచ్చుతో నేసింది. మహబూబ్‌నగర్, నల్గొండ పల్లెల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్లలో మంచం కింద మడిచి ఉంటుంది. ఫోటోకు వెనక కట్టడానికి దీన్ని మించిన నల్ల తెర నేను చూడలేదు. బజారులో కొనే నల్ల గుడ్డ మెరుస్తుంది, ముడత పడితే గీతలు కనబడతాయి. గొంగడి బొచ్చు వెలుతురును మింగేస్తుంది, ముడతే పడదు. దాని ముందు పసుపు పూసుకున్న ముఖం గానీ తెల్లజుట్టు గానీ దీపంలాగా నిలబడుతుంది. గొంగడిని నీడ కోసం కూడా వాడొచ్చు. ముఖం మరీ చదునుగా ఉంటే కిటికీకి అవతలి వైపు తెల్ల పంచె బదులు గొంగడి వేలాడదీయండి, ఆ చెంప మీద నీడ చిక్కబడుతుంది.

రంగు తెర కావాలంటే పాత దుప్పటి చాలు. రెండు మేకుల మధ్య దండెం తాడు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి, కింద అంచు గట్టిగా లాగి నేల మీద ముందుకు పరిచి రాళ్లు పెట్టండి. గోడా నేలా కలిసే గీత పోతుంది. ఇస్త్రీ చేయండి, తప్పదు. అది కూడా చేయబుద్ధి కాకపోతే ఫోటోలో మడతలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. తెర లేకుండా గోడ ముందే తీస్తే మాత్రం ఒకసారి వెనక చూసుకోండి. స్విచ్‌బోర్డు, ఇన్వర్టర్ వైరు, క్యాలెండర్. మా తమ్ముడి కొడుకు మొదటి పుట్టినరోజు ఫోటోలో క్యాలెండర్ మీది వినాయకుడి తొండం సరిగ్గా వాడి నెత్తి మీంచి మొలిచింది.

ఫోనులో ఏం నొక్కాలి

ముందు లెన్సు తుడవండి. వంట చేసిన చేత్తోనో, కొబ్బరినూనె రాసిన చేత్తోనో పట్టుకున్న ఫోను మంచు కురిసినట్టు తీస్తుంది. శుభ్రమైన నూలు గుడ్డతో రెండుసార్లు తుడిస్తే చాలు.

వెనక కెమెరానే వాడండి. బ్యూటీ ఫిల్టర్ ఆపండి. చాలా ఫోన్లలో అది మనకు చెప్పకుండానే చర్మాన్ని తెల్లబరుస్తుంది. చామనఛాయ ముఖాన్ని సున్నం కొట్టినట్టు చేసే ఫోటో నాకు ఫోటోలాగే అనిపించదు. సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు పెట్టుకోండి, ఫ్లాష్ ఆపండి.

జూము 1ఎక్స్ మీద ఉంచి, మీరు ఐదారడుగులు వెనక్కి పోండి. 2ఎక్స్ లెన్సు ఉంటే అది పెట్టుకుని ఇంకా వెనక్కి. దగ్గరగా వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. అది లెన్సు తప్పు కాదు, దూరం తప్పు. ముక్కు చెవుల కంటే కెమెరాకు ఎన్ని అంగుళాలు దగ్గరగా ఉందన్నది దగ్గరి నుంచి చూస్తే పెద్ద తేడా, దూరం నుంచి చూస్తే తేడానే కాదు. 0.5 అని ఉండే వెడల్పు లెన్సును మనుషుల మీద వాడకండి.

ఇప్పుడు స్క్రీను మీద కన్ను ఉన్నచోట వేలు పెట్టి రెండు క్షణాలు అదిమి ఉంచండి. ఫోకసూ వెలుతురూ లాక్ అవుతాయి. పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని పైకీ కిందికీ జరపొచ్చు. దీని అవసరం ఎక్కడంటే, కెమెరా లోకంలోని ప్రతిదీ నడిమధ్య బూడిద రంగే అనుకుంటుంది. నల్ల గొంగడి ముందు మనిషిని పెడితే, "అబ్బో చీకటి" అనుకుని మొత్తం తెల్లబరుస్తుంది. అప్పుడు సూర్యుణ్ణి కిందికి దించాలి. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా అయితే ఉల్టా, అంతా మురికి రంగు చేస్తుంది, పైకి ఎత్తాలి. కొత్తవాళ్లకు ఈ ఒక్క కిటుకు తెలిస్తే సగం ఫోటోలు బాగుపడతాయి.

ప్రో మోడ్, అంటే అంకెలన్నీ మనమే పెట్టుకునే పద్ధతి, ఫోనులో ఉంటే తర్వాత నేర్చుకోండి. మూడు అంకెలు చాలు. షట్టర్ అంటే కెమెరా వెలుతురు తీసుకునే సమయం, 1/125 అంటే సెకనులో 125వ వంతు. కుదురుగా కూర్చున్న పెద్దవాళ్లకు 1/125, పాకే పిల్లలకు 1/250. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 100 నుంచి 400 మధ్యే ఉంచండి, దాటితే నూక పోసినట్టు గింజలు కనబడతాయి. రాత్రి ట్యూబులైటు కింద తప్పనిసరై తీస్తే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. వేరే వేగాల్లో ఫోటో మీద అడ్డంగా నల్ల చారలు పడేది ఇందువల్లే. వేడెక్కే హాలోజన్ ఫోకస్ లైటు ముందు మాత్రం గుడ్డ కట్టకండి, అంటుకుంటుంది.

ఒక్కరే తీసుకోవాలంటే స్టీలు చెంబులో బియ్యం పోసి, ఫోన్ అడుగు భాగానికి చేతిరుమాలు చుట్టి అందులో గుచ్చండి. రుమాలు లేకపోతే చార్జింగ్ రంధ్రంలో నూక దూరుతుంది, నాకు దూరింది. టైమర్ 10 సెకన్లు పెట్టుకోండి. ఎత్తు విషయంలో, ముఖం ఫోటోకు ఫోను కళ్ల ఎత్తులో, నిలువెత్తు చీర ఫోటోకు నడుము ఎత్తులో ఉండాలి. పిల్లల ఫోటోకు మీరు నేల మీద బోర్లా పడుకోవాలి, ఇంకో దారి లేదు.

కూర్చున్న మనిషి

"నవ్వు" అనకండి. అనగానే పళ్లు బయటికొస్తాయి, కళ్లు చచ్చిపోతాయి. మా నాయనమ్మ ఫోటో అంటే బిగుసుకుపోయేది, రేషన్ కార్డు ఆఫీసులో కూర్చున్నట్టు. పదిహేను ఫోటోలు తీశాక విసిగిపోయి, "నాయనమ్మా, నీ పెండ్లప్పుడు తులం బంగారం ఎంతుండె?" అన్నాను. ఆమె లెక్క చెప్పడం మొదలుపెట్టింది, చెయ్యి గాల్లోకి లేచింది, కళ్లు చిట్లించింది, మధ్యలో తాతను నాలుగు తిట్టింది. ఆ రెండు నిమిషాల్లో తీసినవే ఇప్పుడు గోడ మీద ఉన్నాయి. మొదటి పది ఫోటోలు ఎట్లాగూ పోతాయి, వాటిని లెక్కలో వేసుకోకండి.

చేతులు ఏం చేయాలో ఎవరికీ తెలియదు. పని ఇవ్వండి. బతుకమ్మ రోజుల్లో ఆడపిల్లల ఫోటోలు తీయాలంటే వరుసగా నిలబెట్టకండి, కిటికీ పక్కన చాప వేసి తాంబాళం, తంగేడు, గునుగు ముందర పెట్టండి. గునుగు కొసలకు రంగు అద్దేటప్పుడు వేళ్లు ఎట్లా ఉంటాయో దగ్గరగా ఒక ఫోటో తీయండి, గోర్ల సందుల్లో గులాల్ రంగుతో సహా. నిలువెత్తు ఫోటోల కంటే అదే ఎక్కువ కాలం దాచుకుంటారు.

చంటిపిల్లలైతే పాలు తాగి, నిద్ర లేచిన అరగంటలో ఇరవై నిమిషాలు. అంతకంటే వాళ్లు మీకు ఇవ్వరు. పరుపు నేల మీదే వేయండి, మంచం మీద కాదు. పైనుంచి తీసేటప్పుడు ఫోనుకు తాడు కట్టి మెడలో వేసుకోండి. ఒక పెద్ద మనిషి చెయ్యి ఎప్పుడూ పిల్లకు జానెడు దూరంలో ఉండాలి. గంపల్లో, జోలెల్లో వేలాడదీసే ఫోటోలు ఇంట్లో ప్రయత్నించకండి.

చీర ఫోటో వేరే విద్య

అమ్మకానికి చీర తీసేవాళ్లకు ఒక్క ఫోటో చాలదు. వదినా నేనూ తేల్చుకున్న వరస ఇది: మొత్తం చీర, అంచు, కొంగు, బాడీ బుటా, వెనకవైపు. గద్వాలలో నూలు బాడీకి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేస్తారు, ఆ కలిపే చోటును కుట్టు అంటారు. కొనేవాళ్లు తెలిసినవాళ్లయితే ముందు అదే అడుగుతారు, కాబట్టి ఆ అతుకు కనబడేలా నాలుగంగుళాల మేర దగ్గరగా తీయండి. పోచంపల్లి ఇక్కత్‌కు నూలునే ముందు కట్లు కట్టి రంగు అద్ది తర్వాత నేస్తారు, అందుకే బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి, రెండు వైపులా బొమ్మ కనబడుతుంది. ఒక మూల మడిచి రెండు వైపులూ ఒకే ఫోటోలో చూపిస్తే అచ్చు వేసిన గుడ్డ కాదని ఇంకేం చెప్పక్కర్లేదు. నారాయణపేట గళ్ల చీర తీసేటప్పుడు గ్రిడ్ గీతలకు గళ్లు సమానంగా ఉండాలి. ఏ కొంచెం వంకరైనా చీరే వంకరగా నేసినట్టు కనిపిస్తుంది.

జరీకి ఎదురు వెలుతురు పనికిరాదు. చీరను కిటికీ పక్కన పరిచి, వెలుతురు చీర మీద పాకుతున్నట్టు పక్క నుంచి వచ్చేలా చూడండి. ఒక అంచు కింద పుస్తకం పెట్టి కొంచెం వాలు చేస్తే జరీ ఒక్కసారిగా లేస్తుంది.

రంగు విషయంలో ఒక నియమం. మొదటి ఫోటోలో చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి. తర్వాత ఫోటోలు దిద్దే స్నాప్‌సీడ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్‌లోకి పోయి, చుక్కల మందు గొట్టంలాంటి గుర్తుతో ఆ కాగితం మీద నొక్కండి. కాగితం తెల్లబడితే చీర రంగు దారికి వస్తుంది. అదే వెలుతురులో తీసిన మిగతా ఫోటోలకూ అదే మార్పు వేయండి. ఆ తర్వాత కూడా చీరను చేతిలో పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి, స్క్రీను పక్కన పెట్టి చూడండి. వంకాయ, నేరేడు, ముదురు ఎరుపు రంగులు ఫోన్లను ఎక్కువగా మోసం చేస్తాయి. సరిపోలకపోతే, "ఫోటో కన్నా కొంచెం నీలం ఎక్కువుంటది" అని రాసి పంపండి. వదిన ఇప్పుడు అట్లాగే రాస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ గుర్తు నొక్కండి, లేకపోతే డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే జరీ గీతలు ముద్దవుతాయి.

ఏరడం, దిద్దడం, అచ్చు వేయించడం

వంద తీస్తే ఎనిమిది ఉంచుకోండి. ఒకే ఫోటో పదిసార్లు పంపే చుట్టం ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మీరు కాకండి. దిద్దేటప్పుడు ఈ వరసలో పోండి: వంకర సరిచేయడం, అంచులు కత్తిరించడం, వెలుతురు, నీడలు, రంగు. చర్మం నునుపు చేసే మీట జోలికి పోవద్దు.

అచ్చుకు లెక్క ఇది. అంగుళానికి 300 చుక్కలు కావాలంటే 4×6 ఫోటోకు 1200×1800 పిక్సెళ్లు చాలు. 12 మెగాపిక్సెళ్ల ఫోటో అంటే 4000×3000, దాంతో 10×13 అంగుళాల దాకా నిశ్చింతగా వేయించొచ్చు. 12×18 గోడ ఫోటో దూరం నుంచి చూసేదే కాబట్టి అంగుళానికి 200 చుక్కలున్నా కంటికి తెలియదు. ఇచ్చేది మాత్రం వాట్సాప్‌లో వచ్చిన కాపీ కాదు, ఫోనులో ఉన్న అసలు ఫైలు.

చివరగా ఒక చిన్న పని. మీ కుర్చీ కుదిరిన చోట నేల మీద గుర్తు పెట్టుకోండి, లేకపోతే ప్రతిసారీ గుడ్డుతో మొదలుపెట్టాలి. నేను సుద్దముక్కతో ఇంటూ గుర్తు వేశాను, బండలు తుడిచిన ప్రతిసారీ పోయేది. వదిన చూసీ చూసీ తన డబ్బాలోంచి ఎర్ర స్టిక్కర్ బొట్టు తీసి అక్కడ అంటించింది. నవంబరు వచ్చేసరికి వెలుతురు పక్కకు జరిగింది, కుర్చీ అడుగున్నర జరపాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ గదిలో బండల మీద రెండు బొట్లున్నాయి, ఎర్రది ఎండకాలానికి, పచ్చది చలికాలానికి.